మూలుగ నారుమడికి రెండు వారాలు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో తెల్ల రక్తకణాలు పెరగాలంటే ఏమేం తినాలో చెబుతూ ఒక వ్యాసం వచ్చింది. దానిమ్మ, వెల్లుల్లి, బొప్పాయి ఆకు రసం, మేక కాళ్ల సూపు అన్నీ ఉన్నాయి. వారం తిరక్కుండా కణాలు పెరుగుతాయని కింద రాశారు. మా వీధి చివరింట్లో ఒకావిడ రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్నారు. వాళ్లాయన ఆ కాగితం కత్తిరించి జేబులో పెట్టుకుని సోమవారం పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. "అమ్మా, మీరు ల్యాబులో చేశారు కదా, ఇవన్నీ పెడితే కౌంట్లు లేస్తాయా? ఇవి తింటుంటే మధ్యలో జ్వరమొచ్చినా పర్లేదు కదా?" అని అడిగాడు. ఆ రెండో ప్రశ్న విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. దయచేసి చివరిదాకా చదవండి.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ప్రభుత్వాసుపత్రుల ల్యాబుల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా పనిలో ఎక్కువ భాగం తెల్లకణాలు లెక్కపెట్టడమే. రక్తపు చుక్కని గాజు స్లైడు మీద పల్చగా లాగి, ఆరాక లీష్మన్ రంగు పోసి, కాసేపాగి బఫర్ నీళ్లు కలిపి, కడిగి ఆరబెడతాం. ఆయిల్ లెన్సు కింద వంద తెల్లకణాలు చూసి ఏ రకం ఎన్ని ఉన్నాయో రాస్తాం. దాన్నే డి.సి. అంటాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో నూటికి సగం పైగా, క్రిముల్ని మింగే న్యూట్రోఫిల్స్ కనిపిస్తాయి. వాటి కేంద్రకం మూడు నాలుగు ముక్కలుగా, సన్నటి దారంతో కలిపి కుట్టినట్టు ఉంటుంది. చుట్టూ గులాబీ రంగు నూక చల్లినట్టు ఉంటుంది. 31 ఏళ్లు చూసినా ఆ కణం అందం నాకు విసుగు పుట్టించలేదు.

అంత లెక్కపెట్టినదాన్ని కూడా ఆ కణం విలువ నిజంగా తెలుసుకున్నది మా మనవడి దగ్గరే.

మా అమ్మాయి కొడుక్కి ఆరో ఏట రక్త క్యాన్సర్ వచ్చింది. లింఫోబ్లాస్టిక్ రకం. హైదరాబాద్‌లో వైద్యం మొదలుపెట్టి, ఒక దశ కీమో అయ్యాక ఇంటికి పంపారు. మా ఇంటికి తీసుకొచ్చాం. మందు పడిన పదకొండో రోజు రాత్రి తొమ్మిదింటికి వాడు అన్నం వద్దని నా ఒళ్లో పడుకున్నాడు. చెయ్యి పెడితే ఒళ్లు కాలుతోంది. థర్మామీటరు 101.2 చూపించింది. దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోముకి పరుగెత్తాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మంచివాడే, ఓపిగ్గా చూశాడు. గొంతులో లైటు వేసి చూశాడు, ఎర్రదనం లేదు. ఛాతీ శుభ్రంగా ఉంది. చెవుల్లో ఏమీ లేదు. ఒంటి మీద ఎక్కడా గడ్డ లేదు, చీము లేదు. "వైరల్ అయ్యుంటుందమ్మా. పారాసిటమాల్ సిరప్ వెయ్యండి, పొద్దున్న రక్తం తీద్దాం" అన్నాడు.

నా సంచిలో హైదరాబాద్ వాళ్లిచ్చిన కాగితం ఉంది. జ్వరం 100.4 దాటితే గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి అని దాని మీద ఎర్ర సిరాతో రాశారు. మా అల్లుడు "అత్తయ్య గారూ, డాక్టరే పొద్దున్నంటున్నారు కదా, ఈ రాత్రిపూట బాబుని కుదిపేయడం ఎందుకు?" అన్నాడు. నేను మొండికేశాను. కారు మాట్లాడుకుని విజయవాడ బయల్దేరాం. అర్ధరాత్రి దాటాక చేరాం. రక్తం తీసి చూస్తే మొత్తం తెల్లకణాలు 900. అందులో న్యూట్రోఫిల్స్ నూటికి 10. అంటే మైక్రోలీటరుకి 90. ఫలితం రాకముందే యాంటిబయాటిక్ నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. రక్తం కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది. పొద్దుటిదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో ఆ వార్డు డాక్టరమ్మ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ కుర్ర డాక్టరుకి గడ్డ, చీము, ఎర్రదనం ఎందుకు కనబడలేదో పాఠకులకి అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. చీము అంటే చనిపోయిన న్యూట్రోఫిల్స్ కుప్ప. చీముకి, ముదురు కఫానికి ఉండే ఆ పచ్చ రంగు కూడా వాటి లోపలి ఒక ఎంజైముదే, మైలోపెరాక్సిడేజ్ అంటారు. కాలికి ముల్లు గుచ్చుకుంటే తెల్లారేసరికి ఎర్రబడి సలిపి చీము పట్టేది ఈ కణాలు అక్కడికి పరుగెత్తి రావడం వల్లే. ఇలియా మెచ్నికోఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1882లో సిసిలీలోని మెస్సీనాలో ఉండగా నక్షత్ర చేప పిల్లల పారదర్శకమైన ఒంట్లోకి గులాబీ ముల్లు గుచ్చి చూశాడు. మర్నాడు పొద్దున్నకి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. క్రిముల్ని మింగే కణాలు ఒంట్లో ఉంటాయని అక్కణ్ణించే లోకానికి తెలిసింది. ఆయనకీ, తెల్లకణాలకి రంగులద్ది పేర్లు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్‌కీ కలిపి 1908లో నోబెల్ ఇచ్చారు. మా మనవడి ఒంట్లో ఆ రాత్రి ముల్లు ఉంది, మూగాల్సినవి లేవు. క్రిమి రక్తంలో తిరుగుతున్నా గొంతు ఎర్రబడదు, ఎక్స్‌రేలో మచ్చ రాదు, చీము కట్టదు. మిగిలిన ఒకే ఒక్క గుర్తు జ్వరం. ఆ ఒక్క గుర్తునీ సిరప్ వేసి దించేస్తే ఇక చూసేందుకేమీ మిగలదు.

మరి ఆ కణాలు ఎందుకు లేవు, మళ్లీ ఎప్పుడొస్తాయి? మీ వ్యాసంలో ఉండాల్సింది ఇది.

మా నాన్న కౌలు రైతు. సార్వా నారుమడి పోసినప్పటినించి ఊడ్పులదాకా ఇంట్లో అందరికీ రోజుల లెక్కే. నారు ఇరవై అయిదు రోజులకి తయారవుతుందంటే అవుతుంది, పక్క ఊళ్లో ఊడ్పులు మొదలయ్యాయని మన నారు తొందరపడదు. ఎముకల్లోని మూలుగ తెల్లకణాలకి నారుమడి. నారుమడి పాడైతే చేలో ఎంత ఎరువు జల్లినా పంట రాదు.

ఆ మడిలో విత్తనం లాంటిది మూలకణం. అది చాలా అరుదు. స్లైడు మీద చూసి ఇదీ అని మేమెవరం చెప్పలేం, లింఫోసైట్ అనే ఇంకో రకం తెల్లకణంలో చిన్నదానిలాగే ఉంటుంది. అది రెండుగా చీలినప్పుడు ఒకటి విత్తనంగానే మిగిలిపోవచ్చు, ఇంకోటి దారి పడుతుంది. ఒక దారి లింఫోసైట్ల వైపు, ఇంకోటి మిగతా రక్తకణాల వైపు. ఆ రెండో దారిలో కొంత దూరం పోయాక న్యూట్రోఫిల్‌కీ, మోనోసైట్ అనే మరో తెల్లకణానికీ ఉమ్మడి తల్లి కణం వస్తుంది. అక్కడిదాకా రెండూ ఒక ఇంటి పిల్లలే. ఆ తర్వాత ఏ ప్రోటీన్ ఎక్కువైతే ఆ వైపు మొగ్గుతాయి. సి.ఇ.బి.పి. ఆల్ఫా అనే ప్రోటీన్ జన్యువుని తీసేసిన ఎలుకల్లో పండిన న్యూట్రోఫిల్స్ ఉండవు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని చెట్టు కొమ్మల్లా గీస్తారు. ఒక్కొక్క కణాన్ని విడిగా చదివే పద్ధతులొచ్చాక, కొమ్మలు అంత తెగినట్టు విడిపోవని, పల్లానికి పారే నీళ్లు మెల్లమెల్లగా పాయలైనట్టు ఉంటుందని ఇప్పటివాళ్లు చెబుతున్నారు. నాకు ఆ మాటే నచ్చింది. మూలుగ స్లైడు చూసేటప్పుడు ఇది ఈ దశా, ఆ దశా అని తేల్చలేక మేం వాదించుకున్న రోజులు గుర్తొస్తాయి.

తుంటి ఎముకలోంచి సూదితో తీసిన మూలుగని స్లైడు మీద పరిస్తే న్యూట్రోఫిల్ బాల్యమంతా ఒకే చోట కనబడుతుంది. మొదట మైలోబ్లాస్ట్: పెద్ద గుండ్రటి కేంద్రకం, చుట్టూ పల్చటి నీలం. తర్వాత ప్రోమైలోసైట్: ఊదారంగు గింజలు నిండా పోసినట్టు. నేను చెప్పిన మైలోపెరాక్సిడేజ్ ఆ గింజల్లోనే మొదట చేరుతుంది. తర్వాత మైలోసైట్: రెండో రకం సన్న గింజలు పుడతాయి, గులాబీ ఛాయ వస్తుంది. ఇక్కడిదాకే విభజన. ఒక్క మైలోబ్లాస్ట్ నించి ఇలా చీలుతూ చీలుతూ 16 నించి 32 దాకా కణాలొస్తాయి. ఇక ఆ తర్వాత పండటమే. కేంద్రకం చిక్కుడుగింజలా నొక్కుకుపోతుంది, తర్వాత గుర్రపు నాడాలా వంగుతుంది, ఆఖరికి ముక్కలుగా కుట్టినట్టవుతుంది. విభజనకి ఒక వారం, పండటానికి ఇంకో వారం, అటూఇటూగా రెండు వారాలు. అంత శ్రమపడి పెంచిన కణం రక్తంలోకి వచ్చాక గంటల లెక్కన తిరిగి ఊపిరితిత్తుల్లోకో మరో అవయవంలోకో వెళ్లిపోతుంది. అందుకే పెద్దవాళ్ల మూలుగ రోజుకి సుమారు పది వేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తూనే ఉండాలి. ఒక్క పూట కూడా సెలవు లేదు.

కీమో మందులు చాలావరకు చీలుతున్న కణాల్ని కొడతాయి. నారుమడిలో ఆ వేళకి చీలుతున్నవన్నీ పోతాయి. అప్పటికే పండి నిలవ ఉన్నవి కొన్ని రోజులు సరిపెడతాయి. అందుకే మందు పడిన మర్నాడు కౌంట్ బాగానే ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. వారం దాటాక నిలవ అయిపోతుంది. వారానికీ రెండు వారాలకీ మధ్య పాతాళానికి పడిపోతుంది. మా వాడి జ్వరం పదకొండో రోజున రావడం యాదృచ్ఛికం కాదు. బతికిన మూలకణాలు నిద్రలేచి మళ్లీ మొదటి మెట్టు నించి ఎక్కాలి. ఆ మెట్ల మధ్యలో దానిమ్మ గింజకి పని లేదు. తినొద్దని నేననడం లేదు. పిల్లవాడికి రుచించింది, ఉడికించింది, శుభ్రంగా కడిగింది పెట్టండి, బలం కావాలి. పచ్చి ఆకు దంచి తీసిన రసం మాత్రం మా డాక్టర్లు ఆ రోజుల్లో వద్దే వద్దన్నారు. మట్టి, నీళ్లు, క్రిములు దాంతోపాటే లోపలికి పోతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీ పత్రికలో ఏటా జనవరి 12న వస్తుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది, దానికి ఎదురు పనిచేసే మందుల్నీ తయారుచేసింది. ఆ ఎదురు మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి, 16 మందిలో 10 మందికి కొన్నాళ్లపాటు గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. మా మనవడు రెండేళ్లకి పైగా వారానికోసారి మింగిన పసుపు మాత్ర అది. చీలే కణానికి డి.ఎన్.ఎ. కట్టుకోవాలంటే ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ రకం విటమిన్ కావాలి. ఈ మందు ఆ దారి మూస్తుంది. క్యాన్సర్ కణం ఆకలికి మాడుతుంది, నారుమడి కూడా కొంత మాడుతుంది. మీ వ్యాసంలో తెల్లకణాలకి ఫోలిక్ యాసిడ్ మాత్రలు మంచివని ఒక వాక్యం ఉంది. మా అమ్మాయికి కూడా ఒక మందుల షాపులో బాబు నీరసంగా ఉన్నాడంటే ఆ మాత్రలున్న సీసా చేతిలో పెట్టారు. హైదరాబాద్ డాక్టరుకి ఫోన్ చేస్తే, "అమ్మా, నేనిచ్చే మందుకి అది విరుగుడులాంటిది, నేను చెప్పకుండా వెయ్యొద్దు" అన్నారు. ఆ ఒక్క వాక్యం చూసి ఎంతమంది తల్లులు ఆ సీసా కొన్నారో అని నాకు దిగులుగా ఉంది.

విజయవాడ వార్డు సంగతికొస్తాను. ఆరోజుల్లో నాకు చేతనైన పని ఒక్కటే. ల్యాబులో పనిచేసే కుర్రవాళ్లతో స్నేహం చేసుకుని, రోజూ మా వాడి స్లైడు నేనూ ఒకసారి చూసేదాన్ని. వాళ్లెవరూ కాదనలేదు. మిషన్ ఇచ్చే లెక్క ఉంటుంది, కానీ కణాలు ఇంత తక్కువున్నప్పుడు కంటితో చూడాల్సిందే. మొదటి అయిదు రోజులు స్లైడు ఖాళీ. ఎర్రకణాల మధ్య వెతికి వెతికి పది తెల్లకణాలు దొరికితే ఎక్కువ. ఆరో రోజు పొద్దున్న ఒక పెద్ద కణం కనిపించింది. మడత పడిన కేంద్రకం, బూడిద నీలం ఒళ్లు, లోపల చిన్న చిన్న బుడగలు. మోనోసైట్. పక్కనే ఇంకోటి. ఆవేళ మొత్తం 1,100లో మోనోసైట్లు నూటికి 28. న్యూట్రోఫిల్స్ ఇంకా అంతంతమాత్రమే. నేను పరుగున వార్డుకెళ్లి మా అమ్మాయితో "వస్తున్నాయే, ఇంకో రెండు మూడు రోజులు ఓపిక పట్టు" అన్నాను. దానికి నమ్మకం కుదరలేదు. "కౌంట్ పెరగలేదుగా అమ్మా" అని ఏడ్చింది.

పెరగలేదు నిజమే. కానీ మోనోసైట్ అంటే ఎవరు? న్యూట్రోఫిల్‌కి తోబుట్టువు. ఒకే తల్లి కణం నించి విడిపోయాక మోనోసైట్ మూలుగలో పండేదాకా కూర్చోదు. విభజన అవగానే రక్తంలోకి వచ్చేస్తుంది. న్యూట్రోఫిల్ అలా కాదు, ఇంకా కొన్ని రోజులు లోపలే పండాలి. అందుకని నారుమడి తేరుకుందని ముందుగా వచ్చి చెప్పేది మోనోసైటే. ల్యాబుల్లో ఎన్నేళ్లుగానో చూసిన సంగతే ఇది. ఎనిమిదో రోజు స్లైడులో గుర్రపు నాడాలు కనబడ్డాయి. ఒకటి రెండు చిక్కుడుగింజ దశవి, అంటే మెటామైలోసైట్లు కూడా ఉన్నాయి, ముదరని కాయలు తొందరపడి మార్కెట్‌కి వచ్చినట్టు. న్యూట్రోఫిల్స్ 640. ఆ సాయంత్రం వాడు "అమ్మమ్మా, ఇడ్లీ" అన్నాడు.

కౌంట్ తొందరగా లేవడానికి ఇంజెక్షన్ ఉంది కదా అని అడుగుతారు. ఉంది, దాని కథ కూడా ఈ నారుమడిదే. 1961లో టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ అనే ఇద్దరు, మూలుగ చచ్చిపోయేంత రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకి వేరే ఎలుకల మూలుగ ఎక్కించారు. పది రోజుల తర్వాత కోసి చూస్తే ప్లీహం (స్ప్లీన్) మీద చిన్న చిన్న బుడిపెలు. ఎన్ని ఎక్కువ కణాలు ఎక్కిస్తే అన్ని ఎక్కువ బుడిపెలు. ఒక్కొక్క బుడిపె ఒక్క కణం నించే పుట్టిందని, దాన్లోనే ఎర్రకణాలకీ తెల్లకణాలకీ సంబంధించినవి కలిసి ఉంటాయని ఆ తర్వాత రెండేళ్లలో తేలింది. మూలకణం ఉందని అనుకోవడం పోయి, లెక్కపెట్టడం మొదలైంది అక్కడే. దాదాపు ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో డొనాల్డ్ మెట్‌కాఫ్, రే బ్రాడ్లీ మూలుగ కణాల్ని అగార్ అనే మెత్తటి జెల్లీలో పెంచారు. వేరే కణాలు స్రవించే ఏదో పదార్థం ఉంటే తప్ప గుంపులు కట్టలేదు. ఆ పదార్థం ఏమిటో విడదీయడానికి మెట్‌కాఫ్‌కి, ఆయన తోటివాళ్లకి సుమారు ఇరవై ఏళ్లు పట్టింది. అందులో ఒకటి జి.సి.ఎస్.ఎఫ్. అమెరికాలో 1991లో మందుగా అనుమతి వచ్చింది. మనవాళ్లు "తెల్లకణాల ఇంజెక్షన్" అనేది దాన్నే. అది మూలుగలో ఉన్న లేత కణాల్ని చీలమని, పండమని, త్వరగా బయటికి రమ్మని చెబుతుంది. రోజులు కొంత తగ్గుతాయి. రెండు వారాలు ఒక్క పూట అయిపోదు. మడిలో మొలకే లేకపోతే ఆ ఇంజెక్షన్ కూడా ఏమీ చెయ్యలేదు. ఎవరికి ఎప్పుడివ్వాలో డాక్టరే తేల్చాలి.

ఆ ఇంజెక్షన్ తల్చుకుంటే నాకొక పసిదాని స్లైడు గుర్తొస్తుంది. 1990ల మధ్యలో అనుకుంటాను. ఎనిమిది నెలల ఆడపిల్ల. నోటి నిండా పుళ్లు, పుట్టినప్పటినించీ ఒకదాని తర్వాత ఒకటి జ్వరాలు. మూలుగ తీశారు. నేనే రంగు వేశాను. మైలోబ్లాస్ట్‌లు ఉన్నాయి, ప్రోమైలోసైట్లు బోలెడున్నాయి. ఆ పైన ఏమీ లేవు. స్కేలు పెట్టి గీత గీసినట్టు అక్కడ ఆగిపోయింది. మళ్లీ రంగు వేశాను, నా రంగే తప్పేమోనని. అదే బొమ్మ. 1956లో స్వీడన్‌లో రోల్ఫ్ కోస్ట్‌మన్ అనే పిల్లల డాక్టరు వివరంగా రాసిన జబ్బు లక్షణాలు అవి. కణం పండే దారిలో ఒక మెట్టు పుట్టుకతోనే విరిగి ఉంటుంది. ఆ ఇంజెక్షన్ అప్పటికి విదేశాల్లో ఇలాంటి పిల్లల్ని బతికిస్తోంది. ఆ పాప తల్లిదండ్రులకి అది అందే దారి లేదు. ఆ పిల్ల తిండిలో లోపమని వాళ్లని బంధువులు తిట్టడం నేను కారిడార్లో విన్నాను. ఆ తల్లి పెట్టని తిండి లేదు సార్.

నేను చూడలేకపోయినవి కూడా ఉన్నాయి. పుట్టుకతో వచ్చే ఈ రక్షణలో మోనోసైట్లు, న్యూట్రోఫిల్స్ మాత్రమే లేవు. కొంచెం పెద్దగా, ఊదా చుక్కలతో ఉండే లింఫోసైట్లని లింఫోసైట్ల ఖాతాలోనే 31 ఏళ్లు రాశాను. వాటిలో చాలావరకు ఎన్.కె. (నేచురల్ కిల్లర్) కణాలు. ముందుగా ఏ శిక్షణా లేకుండానే వైరస్ పట్టిన కణాల్నీ క్యాన్సర్ కణాల్నీ చంపుతాయని స్వీడన్‌లోనూ అమెరికాలోనూ 1975 ప్రాంతంలో గుర్తించారు. ఇవి లింఫోసైట్ల దారిలో పుట్టి, పని మాత్రం న్యూట్రోఫిల్స్‌లా వెంటనే మొదలుపెడతాయి. వాటి బంధువులు ఇంకొన్ని పేగుల్లో, ఊపిరితిత్తుల్లో స్థిరపడి ఉంటాయి. నా స్లైడు మీదికి వాటిని తెచ్చే దారే లేదు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది మెదడులో ఉండే మైక్రోగ్లియా అనే మింగే కణాలు. అవి మూలుగ పిల్లలు కావు. గర్భంలో పిండం ఇంకా మూడో నాలుగో వారంలో ఉండగా పచ్చసొన సంచిలో పుట్టిన తొలి కణాలు మెదడుకి చేరి, అక్కడే తమను తాము పునరుద్ధరించుకుంటూ ఉండిపోతాయి. ఎలుకల్లో దీన్ని 2010లో స్పష్టంగా చూపించారు. ఒంట్లో మింగే కణాలన్నీ మూలుగ మోనోసైట్ల నించే వస్తాయని మాకు చదువుకునే రోజుల్లో నేర్పారు. అది సగమే నిజమట. మా వాడి కౌంట్ 90కి పడిపోయిన రాత్రి కూడా, మందుకి అందకుండా పాత కాపలాదారులు కొందరు లోపల ఉండే ఉంటారని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రాత్రి తెలిసి ఉంటే కొంత ధైర్యం వచ్చేదేమో.

సంపాదకులు గారూ, నా విన్నపం చెప్పి ముగిస్తాను. ఆ వ్యాసానికి దిద్దుబాటుగా వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో మూడు సంగతులు వెయ్యండి. కీమో తీసుకుంటున్నవాళ్లకి 100.4 దాటిన జ్వరం వస్తే, రాత్రయినా పగలైనా, గొంతూ ఛాతీ బాగానే ఉన్నా, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, వెళ్లగానే కీమో సంగతి ముందు చెప్పాలి. రిపోర్టులో మొత్తం సంఖ్య చూసి తృప్తిపడకుండా దాన్ని న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి వందతో భాగించాలి. అది 500 లోపుంటే ప్రమాదకరం. మొత్తం 3,000 ఉన్నా న్యూట్రోఫిల్స్ నూటికి 10 అయితే వచ్చేది 300 మాత్రమే. ఇక మూడోది, మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లు డాక్టరు చెప్పకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోకూడదు. వెయ్యబోయే ముందు రక్త వ్యాధుల డాక్టరు ఒకరికి చూపించండి.

వీధి చివరింటాయనకి ఈ మూడూ నేనే కాగితం మీద రాసిచ్చాను. వాళ్లావిడకి మూడో డోసు బుధవారం పడింది. థర్మామీటరు కొనుక్కున్నారు. ఆమె ఎనిమిదో రోజు వచ్చే బుధవారం.

మా మనవడు ఇప్పుడు ఏడో తరగతి. వైద్యం పూర్తయి మూడేళ్లయింది. మైలోబ్లాస్ట్ నించి న్యూట్రోఫిల్ దాకా ఆరు దశలూ నేను రంగు పెన్సిళ్లతో గీస్తే, వాడు కింద తెలుగులో పేర్లు రాశాడు. మీ పేజీకి పనికొస్తాయంటే ఆ బొమ్మలు పంపుతాను. డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
భీమవరం